హాని చేయని వైరస్ కొందరికే ఎందుకు ముప్పు?

మన చర్మంపై హ్యూమన్ పాపిల్లోమా వైరస్‌లు ఉండటం మామూలే. వీటిలో బీటా రకాలు చాలామందికి ఏ హానీ చేయవు. కానీ ‘ఎపిడెర్మోడిస్ప్లాసియా వెర్రుసిఫార్మిస్’ అనే అరుదైన జన్యు వ్యాధి ఉన్నవారిలో ఇవే వైరస్‌లు సాధారణంగా బాల్యం నుంచే పులిపిర్లు, పొలుసుల మచ్చలు కలిగిస్తాయి. ఈ మచ్చలు శోభిలా కనిపించడంతో వ్యాధిని గుర్తించడం ఆలస్యం కావచ్చు.

లెవాండోవ్‌స్కీ, లుట్జ్ 1922లో వర్ణించిన ఈ వ్యాధికి జన్యుపరమైన కారణం 2002లో తెలిసింది. టీఎంసీ6, టీఎంసీ8 జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు చర్మ కణాల్లో ఈ వైరస్‌లను అదుపులో ఉంచుతాయి. వీటిలో ఏ ఒక్క జన్యువు దెబ్బతిన్నా ఆ అదుపు తప్పుతుంది. సాధారణంగా తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వ్యాధి వస్తుంది. అందుకే మేనరికం వంటి దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లలకు ముప్పు ఎక్కువ.

అసలు ప్రమాదం ఎండతో వస్తుంది. ఎండ తగిలే చోట ఉన్న మచ్చలు, ముఖ్యంగా హెచ్‌పీవీ 5, 8 రకాలవి, కొన్నేళ్లకు క్యాన్సర్‌గా మారవచ్చు. వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేదు. చిన్నప్పటి నుంచే ఎండ తగలకుండా చూసుకోవడం, క్రమం తప్పకుండా చర్మ పరీక్షలు చేయించుకోవడం ప్రాణాలు కాపాడతాయి.

ఇది అంటువ్యాధి అనుకుని ఈ పిల్లలను దూరం పెట్టకూడదు. వారిని బాధించే వైరస్‌లు మన చర్మంపైనా ఉండవచ్చు. తేడా జన్యువులోనే ఉంది.