జ్వరం లేనప్పుడు మాత్ర ఎందుకు? వైఖరులు మనకు చేసిపెట్టే పనులు

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జనవరిలో బస్తర్ ప్రాంతంలోని 7 జిల్లాల్లో 'మలేరియా ముక్త బస్తర్' కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. శబరి నది ఒడ్డున తెలుగు నేలను ఆనుకుని ఉన్న కోంటా కూడా ఈ ప్రాంతంలోనిదే. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించారు. తొలి విడతలో సుమారు 4.6 శాతం మందిలో మలేరియా కనిపించింది. వారిలో సగానికి పైగా ఏ లక్షణాలూ లేనివారే. మలేరియా పదేపదే సోకిన శరీరం దాన్ని కొంత తట్టుకోవడం నేర్చుకుంటుంది. పరాన్నజీవి రక్తంలోనే ఉంటుంది, జ్వరం మాత్రం రాదు. అలాంటివారిని కుట్టిన దోమ కొన్ని రోజుల తర్వాత పక్కింటి పసిబిడ్డకు ఆ జబ్బును అంటించగలదు.

మందులున్నాయి. కానీ ఒంట్లో బాగానే ఉన్న మనిషి వాటిని ఎందుకు మింగాలి?

సామాజిక మనస్తత్వశాస్త్రంలో 'వైఖరి' అంటే ఒక వస్తువు, వ్యక్తి లేదా పని మంచిదా చెడ్డదా అని మనలో స్థిరపడిన అంచనా. అందులో నమ్మకం, ఇష్టాయిష్టాలు, నడుచుకునే తీరు కలిసి ఉంటాయి. అమెరికా మనస్తత్వవేత్త డేనియల్ కాట్జ్ 1960లో ఈ విషయాన్ని మరో వైపు నుంచి చూశాడు. ఒక వైఖరి మనిషికి ఏ పని చేసిపెడుతోందన్నది ఆయన ప్రశ్న.

'జ్వరం ఉంటేనే జబ్బు' అనే వైఖరినే తీసుకుందాం. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తేలికే కానీ, అది సరికాదు. ఎవరికి మందు కావాలో, ఎవరు పొలానికి వెళ్లవచ్చో అది క్షణంలో తేల్చేస్తుంది. పట్నాల్లో మనం నడిచేదీ ఈ లెక్క మీదే. రక్తపోటు మాత్రలను మధ్యలో మానేసేవారు ఎంతమంది లేరు! గజిబిజి ప్రపంచాన్ని అర్థమయ్యేలా సర్దిపెట్టే ఈ పనిని కాట్జ్ జ్ఞాన ప్రయోజనం అన్నాడు.

అదే నిరాకరణ మరొకరిలో వేరే పని చేస్తుండవచ్చు. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పి ఒక రోజు కూలి పోతుందన్న భయం లాభనష్టాల లెక్క. 'మా వైద్యం మాకుంది' అనడం తామెవరో చెప్పుకోవడం. 'నాకు రోగమేంటి?' అని కసురుకోవడం వెనుక బెదురు దాగి ఉండవచ్చు. అది ఆత్మరక్షణ.

అందువల్ల అందరికీ ఒకే ఉపన్యాసం పనిచేయదు. కూలి పోతుందని భయపడేవారికి మాత్ర ఎప్పుడు, ఏం తిన్నాక వేసుకోవాలో చెప్పాలి. తమ వైద్యాన్ని నమ్మేవారి దగ్గర దాన్ని ఎగతాళి చేస్తే వైఖరి మరింత బిగుసుకుంటుంది. గోండీలో మాట్లాడే ఊరి మనిషి చెబితే వినే అవకాశం ఎక్కువ. బెదిరినవారిని ఇంకా బెదిరిస్తే తలుపు వేసుకుంటారు.

జ్వరాన్నే గుర్తుగా పెట్టుకున్నవారికి ఇంకో గుర్తు కావాలి. పరీక్ష పట్టీ మీద 15, 20 నిమిషాల్లో తేలే రెండో గీత అలాంటిదే. దాన్ని కార్యకర్త తాను చూసుకుని సంచిలో వేసుకోకుండా, రక్తం ఇచ్చిన మనిషి చేతిలో పెట్టి చూపించాలి.