కాయక తత్త్వము – విద్యార్థి విషయ నిర్ణయము

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ప్రతి గృహమునందును ఒక చర్చ బయలుదేరును. బిడ్డ డిగ్రీలో ఏ విషయమును ప్రధానముగా గ్రహింపవలెను? బొబ్బిలిలో గణితమునందు మంచి మార్కులు పొందిన విద్యార్థి యొకడు ఉన్నాడనుకొనుడు. అతని మనస్సు చరిత్రవైపు లాగుచుండును. గణితము చదివినచో ఉద్యోగము దొరకునని తండ్రి యనును. చరిత్ర చదివి ఏమి చేయుదువని బంధువులు నవ్వుదురు. ఒకటి గ్రహించినచో రెండవది జీవితాంతము చేజారునేమో యను భయముతో ఆ బాలుడు రాత్రులు నిద్ర లేక గడపును.

ఆంధ్రప్రదేశ్‌లో పూర్వము డిగ్రీ విద్యార్థులు మూడు విషయములను సమానముగా చదివెడివారు. 2023–24 విద్యాసంవత్సరమున ఒకే ప్రధాన విషయము, దానికి తోడు ఒక ఉపవిషయము అను పద్ధతి ప్రవేశపెట్టబడినది. పదునెనిమిదేండ్ల ప్రాయమున ఒక్కదానిని ఎన్నుకొనవలసి వచ్చినప్పుడు సందేహము కలుగుట సహజము. అది బుద్ధిహీనతకు గుర్తు కాదు. ఈ సందేహమునకు శరణుల మార్గములో సమాధానము కలదా?

కాయకమున హెచ్చుతగ్గులు లేవు

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారిగా నుండెను. అనుభవ మంటపమున ఆయనతో కూర్చున్నవారు ఒకే వృత్తివారు కారు. మడివాళ మాచయ్య బట్టలుతికెడివాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపెడివాడు. మేదర కేతయ్య బుట్టలల్లెడివాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనెడివాడు. వారి కాయకములు వేరు, లింగనిష్ఠ ఒక్కటే. రాజ్యభాండాగారపు లెక్కలు గొప్పవనియు, పడవ త్రోయుట తక్కువయనియు అచ్చట ఎవరును తలపలేదు.

వృత్తుల విషయమున ఈ మాటను అంగీకరించిన కుటుంబములే చదువుల విషయమున దానిని మరచుచున్నవి. గణితము తెలివిగలవారికనియు, చరిత్ర తక్కినవారికనియు తలచుట వృత్తులలో హెచ్చుతగ్గులు ఎంచుట వంటిదే. విద్యార్థి మొదట విడువవలసినది ఈ భేదబుద్ధిని.

లక్కమ్మ పెట్టిన పరీక్ష

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చెడివాడు. ఆతని భార్య లక్కమ్మ వానిని వండి జంగములకు అర్పించెడిది. ఒకనాడు మారయ్య ఎన్నడును లేనంత బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశ వలన వచ్చినదని చెప్పి, మిగులు గింజలను తెచ్చినచోటనే విడిచి రమ్మని భర్తను పంపెను.

విషయ నిర్ణయము చేసికొను విద్యార్థికి ఈ కథ మంచి గీటురాయి. గణితము గ్రహింపదలచినవాడు, దానియందలి ఆసక్తిచేతనా, ఇరుగుపొరుగువారి మెప్పుకొరకా అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. చరిత్ర గ్రహింపదలచినవాడును అట్లే, ఆ శాస్త్రముపై ప్రేమచేతనా, గణితపు కష్టమునుండి తప్పించుకొనుటకా అని ప్రశ్నించుకొనవలెను. జీవనోపాధిని గురించి ఆలోచించుట ఆశ కాదు. కాయకము చేసి కుటుంబమును పోషించుట శరణధర్మమే. ఇంటి అప్పు, చెల్లెలి చదువు మనస్సున ఉంచుకొని విషయమును ఎన్నుకొను బిడ్డను ఎవరును తప్పుపట్టరాదు. ఆత్మవంచన మాత్రమే దోషము.

ఈ సీమ పెద్దల చదువులు

ఎన్నుకొన్న విషయము మనుష్యునికి సంకెల కాదనుటకు ఉత్తరాంధ్రమే సాక్షి. గురజాడ అప్పారావు విజయనగరం మహారాజా కళాశాలలో తత్త్వశాస్త్రము ప్రధానముగా, సంస్కృతము రెండవ విషయముగా చదివి 1886లో బి.ఏ. పట్టము పొందెను. ఆయన కీర్తి నిలిచినది 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’ అను తెలుగు నాటకము వలన. పర్లాకిమిడిలో చరిత్ర పాఠములు చెప్పిన గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చెను.

1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షుడుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వశాస్త్రమును దీర్ఘాలోచన చేసి ఎన్నుకొనలేదు. చదువు ముగించిన బంధువొకడు తన తత్త్వశాస్త్ర గ్రంథములను ఆయనకిచ్చెను. కొత్తవి కొనుటకు స్తోమత లేని ఇంటిలో ఆ పుస్తకములే మార్గము చూపెను. పిదప ఆయన జీవితమంతయు ఆ శాస్త్రమునకే అర్పించెను. ఎన్నిక యాదృచ్ఛికమైనను, శ్రమ యాదృచ్ఛికము కాలేదు.

బొబ్బిలి చెంత గొల్లపల్లిలో వీణలు చేయు శిల్పులు ఒకే పనసదుంగను తొలిచి వీణ చేయుదురు. దుంగను ఒకసారి చెక్కిన పిమ్మట మార్చుటకు వీలులేదు. మెట్లను మాత్రము మైనముపై నిలుపుదురు. అవసరమైనప్పుడు మైనము కరిగించి సవరింతురు. విద్యార్థి శీలము దుంగ వంటిది. విషయము మెట్టు వంటిది. దానిని ఉపవిషయముతోను, పై చదువుతోను, స్వయంకృషితోను సవరించుకొనవచ్చును.

పెద్దల కర్తవ్యము

తలిదండ్రులు ఆజ్ఞాపించుటకు ముందు వినవలెను. ఇంటి ఆర్థిక స్థితిని దాచక బిడ్డకు తెలుపవలెను. అక్కమహాదేవి, సత్యక్క, లక్కమ్మ వంటివారు మాటలాడిన సంప్రదాయమున, కుమార్తె విషయమును ఆమెను అడుగకయే నిర్ణయించుట తగదు. మఠములు వేసవిలో ఒకదినము ఉపాధ్యాయులను, వివిధ వృత్తులవారిని పిలిచి విద్యార్థుల సందేహములు తీర్చినచో అది దాసోహమే యగును. అన్నము వలె అనుభవమును కూడ పంచవలసియున్నది.

విద్యార్థి కొన్నిదినములు రెండు విషయముల పుస్తకములను తెచ్చుకొని, ఉదయము ఇష్టలింగ పూజానంతరము ఒక్కొక్కగంట చదివి చూడవలెను. ఎవరును చూడకున్నను, మార్కులు రాకున్నను, ఏ పుస్తకము మూయబుద్ధి కాదో దానిని గమనింపవలెను. పిమ్మట నిర్ణయించి, మూడేండ్లు నిష్ఠతో చేయవలెను. రెండవ విషయము పోయినదని దుఃఖింపనక్కరలేదు. చేతనున్న పనిని సత్యశుద్ధముగా చేయువానికి రెండవ త్రోవ మూసికొనిపోదు.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. అనుభవ మంటపమున భిన్న కాయకములవారు సమానముగా కూర్చుండుటకు ఆధారమేమి?
2. లక్కమ్మ మిగులు బియ్యమును ఎందులకు తిప్పి పంపెను? చదువునందు అట్టి మిగులు ఏది?
3. ఉపాధి చింతకును, ఆశకును గల భేదమేమి?
4. మీ ఇంటిలో విద్యార్థి మాటను చివరిసారి ఎవరు, ఎప్పుడు పూర్తిగా వినిరి?

శరణు శరణార్థి.