టీవీలో మాటలు అర్థం కావట్లేదా? సౌండ్‌బార్ కొనే ముందు, కొన్నాక చూసుకోవాల్సినవి

మొన్న సంక్రాంతికి తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు హాల్లో అందరం కూర్చుని సినిమా చూస్తున్నాం. నాన్న మాత్రం వరండాలో కుర్చీ వేసుకుని పేపర్ తిరగేస్తున్నారు. అది పొద్దున్నే చదివేసిన పేపర్. లోపలికి రమ్మంటే, "మీరు చూడండమ్మా. నాకు వినబడుతుంది గానీ ఏమంటున్నారో తెలియట్లేదు. మీరంతా నవ్వాక నేను నవ్వాల్సి వస్తోంది" అన్నారు.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఎందుకంటే ఆ టీవీ కొనిపెట్టింది నేనే. 55 అంగుళాలు, 4కే, బాక్స్ మీద డాల్బీ అట్మాస్ లోగో కూడా ఉంది. ఆరు నెలల తర్వాత సౌండ్ సరిపోవట్లేదంటే 2.1 సౌండ్‌బార్ ఆర్డర్ పెట్టిందీ నేనే. రోజూ ఫోన్ల స్పీకర్ల గురించి రివ్యూలు రాస్తూ, సొంత ఇంటికి మాత్రం వాట్లు ఎన్నో చూసి కొనేశాను. పండగ నాలుగు రోజులూ కూర్చుని ఎక్కడ తప్పు జరిగిందో వెతికాను. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళు ఉండి, టీవీ వాల్యూమ్ రోజురోజుకీ పెరుగుతూ ఉంటే ఇది మీకోసమే.

వినబడటం వేరు, అర్థమవటం వేరు

వయసు పెరిగే కొద్దీ చాలామందికి ముందుగా తగ్గేది హై ఫ్రీక్వెన్సీ శబ్దాల వినికిడి. మన మాటలో అ, ఆ, ఓ లాంటి అచ్చులు లో ఫ్రీక్వెన్సీలో, బలంగా ఉంటాయి. స, ష, ఫ, చ, త లాంటి హల్లుల గుర్తింపు ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల మీద ఆధారపడుతుంది, పైగా అవి బలహీనంగా ఉంటాయి. అచ్చులు చెవిన పడి హల్లులు జారిపోతే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. కానీ అన్నది సారా, కారా, చారా అన్నది తెలియదు. నాన్న చెప్పింది సరిగ్గా ఇదే.

ఇప్పుడు వాల్యూమ్ పెంచామనుకోండి. అచ్చులతో పాటు బేస్ కూడా పెరుగుతుంది. మన సినిమాల్లో బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ సంగతి తెలిసిందే కదా, ఆ బేస్ మిగిలిన కాస్త హల్లుల్నీ కప్పేస్తుంది. అంటే మోత పెరిగింది, మాట పెరగలేదు.

సన్నటి టీవీలది ఇంకో సమస్య. ముందువైపు స్పీకర్లు పెట్టడానికి వాటికి చోటు ఉండదు కాబట్టి చాలా మోడల్స్‌లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. సౌండ్ గోడకీ, టీవీ స్టాండ్‌కీ తగిలి మన దగ్గరికి వస్తుంది. కింద టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు, కర్టెన్ లేని కిటికీలు ఉన్న హాల్లో ప్రతి మాటకీ ఒక చిన్న తోక తగులుకుంటుంది. మా హాలు అచ్చం అలాంటిదే.

వాట్ల లెక్క ఎందుకు పనికిరాలేదు

వాట్లు రెట్టింపైతే సౌండ్ పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు సౌండ్ అనిపించాలంటే దాదాపు పది రెట్లు పవర్ కావాలి. పైగా బాక్స్ మీద పెద్ద అక్షరాలతో రాసిన అంకెలో మంచి భాగం సబ్ వూఫర్‌దే అయి ఉంటుంది. మాటలకి దానితో పని లేదు.

చూడాల్సింది ఛానెళ్ళ అంకె. 2.1 అంటే ఎడమ, కుడి, ఒక సబ్ వూఫర్. 3.1 అంటే వీటికి తోడు మధ్యలో ఒక సెంటర్ స్పీకర్. 5.1.2 అని ఉంటే చివరి 2 అనేది పైకప్పు వైపు సౌండ్ కొట్టే స్పీకర్లు. సినిమాని 5.1లో మిక్స్ చేసేటప్పుడు డైలాగులు ఎక్కువ శాతం సెంటర్ ఛానెల్‌లోనే పెడతారు. 3.1 బార్‌లో ఆ డైలాగులు విడిగా ఒక స్పీకర్ నుంచి వస్తాయి, వాటినొక్కటే పెంచుకోవచ్చు. 2.1 బార్‌లో అవి మ్యూజిక్‌తో కలిసిపోయి ఎడమ కుడి స్పీకర్ల నుంచే రావాలి. పెద్దవాళ్ళ కోసం కొంటుంటే అట్మాస్ లోగో ఉన్న 2.1 కంటే, ఆ లోగో లేని 3.1 మేలని నా అభిప్రాయం.

ఒక చిక్కు ఉంది. కేబుల్, డీటీహెచ్ ఛానెళ్ళు ఎక్కువగా స్టీరియోలోనే వస్తాయి. స్టీరియో వచ్చినప్పుడు కొన్ని 3.1 బార్లు స్టాండర్డ్ మోడ్‌లో సెంటర్ స్పీకర్‌ని అసలు వాడవు. వాయిస్ మోడ్‌లోనో, సరౌండ్ మోడ్‌లోనో పెడితేనే అది పలుకుతుంది. షాపులో డెమో అడిగినప్పుడు న్యూస్ ఛానెల్ పెట్టించి, మధ్య స్పీకర్ దగ్గర చెవి పెట్టి చూడండి. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

మా ఇంట్లో అసలు దొంగ: బ్లూటూత్

కొత్త బార్ కొనే ముందు ఉన్నదాన్నే పరీక్షించాను. ఇన్‌స్టాలేషన్‌కి వచ్చిన అబ్బాయి దాన్ని టీవీకి బ్లూటూత్‌తో కలిపి ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయాడట. వైర్ కనపడట్లేదని అమ్మ కూడా సంతోషించింది. కానీ బ్లూటూత్‌లో సౌండ్ కాస్త ఆలస్యంగా వస్తుంది. మామూలుగా వినబడే మనకి అది చిన్న చిరాకు మాత్రమే. వినికిడి తగ్గినవాళ్ళు తమకి తెలియకుండానే పెదాల కదలిక చూసి మాట పట్టుకుంటారు. పెదాలు ఒకటి చెప్తుంటే సౌండ్ దాని వెనక నడిస్తే ఆ ఆసరా కూడా పోతుంది. టీవీలో లిప్ సింక్ సెట్టింగ్ ఉంటుంది గానీ అది సాధారణంగా సౌండ్‌ని ఇంకా ఆలస్యం చేయగలదు, ముందుకి తేలేదు. ఇంకోటి, కరెంట్ పోయి వచ్చిన ప్రతిసారీ బ్లూటూత్ కలవక సౌండ్ టీవీ స్పీకర్లలోంచి వచ్చేది. చాలా రోజులు నాన్న సౌండ్‌బార్ అనుకుని విన్నది టీవీనే!

సరైన పద్ధతి హెచ్‌డీఎంఐ ఆర్క్. ఇది 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నుంచి ఉంది కాబట్టి పాత టీవీల్లో కూడా దొరుకుతుంది. టీవీ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకదాని పక్కన ఆర్క్ లేదా ఈ-ఆర్క్ అని రాసి ఉంటుంది. సౌండ్‌బార్ కేబుల్ ఆ పోర్టుకే పెట్టాలి, వేరే దాంట్లో పెడితే సౌండ్ రాదు. మా టీవీలో ఆ పోర్టులో సెట్ టాప్ బాక్స్ కూర్చుని ఉంది. దాన్ని పక్క పోర్టుకి మార్చాను. తర్వాత టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ ఆన్ చేయాలి. ఈ పేరుతో వెతికితే మాత్రం దొరక్కపోవచ్చు. శాంసంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. ఆ తర్వాత సౌండ్ అవుట్‌పుట్‌లో హెచ్‌డీఎంఐ ఆర్క్ ఎంచుకుంటే చాలు. టీవీ స్పీకర్లు ఆగిపోయాయో లేదో చూసుకోండి, రెండూ కలిసి మోగితే మాట గుహలోంచి వచ్చినట్టు ఉంటుంది.

బార్‌కి ఆర్క్ పోర్టు లేకపోతే ఆప్టికల్ కేబుల్ వాడొచ్చు. మాటల వరకు అది సరిపోతుంది. కాకపోతే సాధారణంగా టీవీ రిమోట్‌తో బార్ వాల్యూమ్ మార్చడం కుదరదు. ఓటీటీ యాప్స్‌లో వచ్చే అట్మాస్ కూడా దాంట్లోంచి పోదు. ఆ అట్మాస్‌కి మామూలు ఆర్క్ చాలు. ఈ-ఆర్క్ అవసరం బ్లూరే లాంటి లాస్‌లెస్ సౌండ్‌కే. మా నాన్న చూసే న్యూస్‌కి, పాత సినిమాలకి ఈ-ఆర్క్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

సెట్టింగులు: మీ చెవులతో కాదు, వాళ్ళ చెవులతో

నేను చేసిన పరీక్ష చాలా సింపుల్. నాన్నని టీవీకి వీపు పెట్టి కూర్చోబెట్టి, న్యూస్ పెట్టి, యాంకర్ చెప్పిన ఒక్కో వాక్యం తిరిగి చెప్పమన్నాను. మొదటిసారి పదిలో నాలుగు చెప్పారు. "ఇదేంటే, స్కూల్లో డిక్టేషన్ పెట్టినట్టు" అని విసుక్కున్నారు గానీ కూర్చున్నారు.

ముందు సబ్ వూఫర్. అది గది మూలలో ఉంది. మూలలో పెడితే రెండు గోడలూ కలిసి బేస్‌ని ఇంకా ఉబ్బిస్తాయి. దాన్ని మూల నుంచి మూడడుగులు జరిపి, రిమోట్‌లో లెవల్ మైనస్ 4కి తగ్గించాను. తమ్ముడు గొడవ చేశాడు, యాక్షన్ సీన్‌లో కిక్ పోయిందని. తర్వాత ఆ బార్‌లో ఉన్న వాయిస్ మోడ్ ఆన్ చేశాను. నైట్ మోడ్ కూడా. దీని పేరు చూసి రాత్రిపూటకే అనుకోవద్దు. పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్న శబ్దాన్ని పెంచడం దాని పని, కాబట్టి గుసగుసగా చెప్పిన డైలాగ్ పైకి వస్తుంది, బాంబు పేలితే గుండె అదరదు. వర్చువల్ సరౌండ్ లాంటివి ఆపేశాను, అవి మాటని గదంతా పలచగా పూస్తాయి.

సెట్ టాప్ బాక్స్‌కి కూడా సొంత వాల్యూమ్ ఉంటుందని చాలామంది మర్చిపోతారు. మా దాంట్లో అది సగం కంటే తక్కువలో ఉంది, అందుకే బార్‌ని ఎంత పెంచినా చాలేది కాదు. బాక్స్‌ని దాదాపు ఫుల్‌లో పెట్టి వదిలేయండి, మార్చేది బార్ వాల్యూమ్ ఒక్కటే.

ఇక బార్‌ని షోకేస్ అరలో లోపలికి తోసి పెట్టారు, ముందు రెండు ఫోటో ఫ్రేములు. ఫోటోలు తీసి, బార్‌ని అర అంచుదాకా లాగాను. కిటికీకి మందపాటి కర్టెన్, టీవీకీ సోఫాకీ మధ్య కింద కార్పెట్. నాన్న కుర్చీని పన్నెండడుగుల నుంచి ఎనిమిదడుగులకి తెచ్చాం. ఇవన్నీ అయ్యాక అదే డిక్టేషన్ మళ్ళీ పెడితే పదిలో ఏడు. వీపు తిప్పి టీవీ చూడనిస్తే తొమ్మిది.

న్యూస్, సీరియల్స్ వరకు అంతటితో సమస్య తీరింది. సినిమాలు మాత్రం ఇంకా కష్టంగానే ఉండటంతో నెల తర్వాత 3.1 బార్ తెచ్చి, పాతది తమ్ముడి గదికి పంపాను. వాడి కిక్ వాడికి దక్కింది. ఈసారి కొనేటప్పుడు నాలుగే చూశాను: హెచ్‌డీఎంఐ ఆర్క్ పోర్టు, రిమోట్ మీద వాయిస్ మోడ్‌కీ సబ్ వూఫర్ లెవల్‌కీ విడిగా బటన్లు, వాల్యూమ్ అంకె కనబడే డిస్‌ప్లే, టీవీ స్టాండ్ కాళ్ళ మధ్య పట్టే పొడవు ఎత్తు. చివరిది నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, బార్ ఎత్తుగా ఉండి టీవీ రిమోట్ సెన్సర్‌ని కప్పేస్తే రోజూ తిట్లు తినేది మీరే.

హెడ్‌ఫోన్స్ సంగతి చాలామంది అడుగుతారు. కొన్ని టీవీల్లో బ్లూటూత్ హెడ్‌ఫోన్స్, స్పీకర్లు ఒకేసారి పనిచేస్తాయి, ఆలస్యం సమస్య మాత్రం అక్కడా ఉంటుంది. టీవీ కోసమే చేసిన ఆర్‌ఎఫ్ వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్‌లో అది దాదాపు ఉండదు. నాన్న వద్దన్నారు. పక్కన అమ్మ మాట్లాడితే వినబడదని కారణం చెప్పారు, నేను ఇంకేం అనలేదు.

ఇంకొక పని కూడా చేయించాం, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోగ్రామ్. రెండు చెవుల్లోనూ పై ఫ్రీక్వెన్సీలు తగ్గాయని గ్రాఫ్‌లో స్పష్టంగా కనిపించింది. సౌండ్‌బార్ హాల్లో టీవీ వరకే పనిచేస్తుంది, ఫోన్‌కీ బ్యాంకులో కౌంటర్‌కీ పనికిరాదు. హియరింగ్ ఎయిడ్ మాటెత్తితే ప్రస్తుతానికి "చూద్దాంలే" దగ్గర ఉన్నారు.

ఆఖరుగా రిమోట్. చాలా డీటీహెచ్ రిమోట్లకి టీవీ బటన్లు నేర్పించుకునే సదుపాయం ఉంటుంది. సీఈసీ ఆన్‌లో ఉంటే ఆ ఒక్క రిమోట్ వాల్యూమ్ బటన్‌తోనే సౌండ్‌బార్ కూడా నడుస్తుంది. మిగతా రెండూ డ్రాయర్‌లో పడేశాం. కరెంట్ వచ్చాక ఎప్పుడైనా సౌండ్ రాకపోతే టీవీ, బార్ రెండింటి స్విచ్‌లూ ఆపి, నిమిషం ఆగి, మళ్ళీ వేయాలి. ఇది పెద్ద అక్షరాలతో రాసి షోకేస్ లోపల అంటించాను. పోయిన వారం ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. కరెంట్ పోయి వచ్చిందట, సౌండ్ రాలేదట. నేను ఏదో చెప్పబోతుంటే వెనకనుంచి నాన్న, "ఉండవే, నిమిషం అవ్వలేదింకా" అంటున్నారు.