అద్దె ఇంట్లో సామానుకు బీమా

సికింద్రాబాదులో అద్దెకుండే కుటుంబాలు చాలా ఉన్నాయి. 2020 అక్టోబరు 13న జంట నగరాల్లో కుండపోత వాన పడింది. ఎన్నో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. బియ్యం, బట్టలు, పరుపులు, టీవీలు తడిసి పాడయ్యాయి.

ఇల్లు ఓనరుది. సామాను మాత్రం అద్దెకున్నవాళ్లది. ఓనరు తన ఇంటికి బీమా కట్టినా, ఆ డబ్బు మన సామానుకు రాదు.

మరి దారేమిటి? 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే బీమా వచ్చింది. దీన్ని సామాను వరకే తీసుకోవచ్చు. అందుకే ఇది అద్దెకున్నవాళ్లకూ పనికొస్తుంది. నిప్పు, వరద, గాలివాన, భూకంపం వల్ల నష్టం జరిగితే డబ్బు ఇస్తారు.

దొంగలు పడితే? అలాంటి ప్రమాదం జరిగాక 7 రోజుల లోపు పోయిన సామానుకే ఇస్తారు. మామూలు దొంగతనానికి వేరే బీమా కావాలి. నగలకు విడిగా కట్టాలి. ఇంట్లో దాచిన రొక్కానికి ఈ బీమా వర్తించదు. దాన్ని బ్యాంకులో వేసుకోవడం మేలు.

ఇలా చేయాలి:

1. సామాను పేర్లు, కొన్న ధర నోటుబుక్కులో రాసుకోవాలి. రసీదులు దాచాలి.
2. ఆ జాబితా నకలు ఒకటి చుట్టాలింట్లో ఉంచాలి. మన ఇల్లు మునిగినా అది ఉంటుంది.
3. సంతకం పెట్టే ముందు కాగితం చదవాలి. అర్థం కానిది అడగాలి.
4. నష్టం జరిగితే వెంటనే కంపెనీకి చెప్పాలి.

ఆలోచించండి, రాయండి:

మీ ఇంట్లో ఏ వస్తువు పోతే మళ్లీ కొనడం కష్టం? దాని ధర ఎంత?