డ్రాగ్ రేసు కారుకు ముందు టైరు ఎంత ఉండాలి?

డ్రాగ్ రేసులో మలుపులు ఉండవు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చ దీపం వెలగగానే తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు పరుగెత్తుతాయి. అమెరికాలో అన్నిటికన్నా వేగంగా పోయే తరగతి కార్లకు మాత్రం 2008 నుంచి ఆ దూరాన్ని 1000 అడుగులకు తగ్గించారు. ఆ కార్ల బొమ్మ చూడండి. వెనక టైర్లు మన నడుము దాటే ఎత్తున, పీపాల్లా ఉంటాయి. ముందు టైర్లు సైకిలు టైర్లకు అన్నదమ్ముల్లా ఉంటాయి. పదకొండో తరగతిలో ఆ బొమ్మ చూసినప్పుడు మాకు కలిగిన సందేహమే ఈ వ్యాసం: ముందు టైరును ఇంత చిన్నగా ఎందుకు పెడతారు? ఎంత చిన్నగా పెట్టవచ్చు?

సులువైన జవాబు బరువు. ఈ కార్లలో ఇంజిను తిప్పేది వెనక చక్రాలను. ముందు చక్రాలు దారి చూపుతాయి, అంతే. పైగా చక్రం బరువు మామూలు బరువు కాదు. సీటు ముందుకు కదిలితే చాలు; చక్రం ముందుకు కదలాలి, తిరగాలి కూడా. బరువంతా అంచునే ఉందనుకుంటే, చక్రంలో 1 కిలో తగ్గించడం కారులో 2 కిలోలు తగ్గించినట్టే. సన్నటి టైరుకు గాలి అడ్డు కూడా తక్కువ. (మన కాలనీలో కనిపించే చిన్న కార్లలో చాలావాటికి ఇంజిను తిప్పేది ముందు చక్రాలనే. వాటితో రేసుకు వెళితే లెక్క తలకిందులు: పట్టున్న వెడల్పు టైర్లు ముందుకే రావాలి.)

మాకు అసలు ఆసక్తి కలిగించింది వెడల్పు కాదు, ఎత్తు. దానికి కారణం గడియారం.

బయలుదేరే గీత దగ్గర నేలకు కొంచెం పైన, దారికి అడ్డంగా ఒక కాంతి కిరణం ఉంటుంది. ముందు టైరు దాన్ని అడ్డుకుంటే కారు సిద్ధంగా ఉన్నట్టు. దానికి 7 అంగుళాల ముందే ఇంకో కిరణం, ‘దగ్గరికి వచ్చావు’ అని చెప్పడానికి. పచ్చ దీపం వెలిగిన క్షణంలో గడియారం మొదలవదు. టైరు కిరణాన్ని వదిలి, కాంతి మళ్ళీ అవతలికి చేరినప్పుడు మొదలవుతుంది. అంటే కారు కదిలి కొంత దూరం పోయాకే! ఆ దూరాన్ని రోల్‌అవుట్ అంటారు. దీపానికీ గడియారానికీ మధ్య గడిచిన కాలం ప్రతిస్పందన కాలం కింద విడిగా నమోదవుతుంది.

ఆ దూరం ఎంత? ఇది తొమ్మిదో తరగతి వృత్తాల పాఠమే. మనం ‘కార్డ్’ అని చదువుకున్నదాన్ని తెలుగులో ‘జ్యా’ అంటారు. జ్యా అంటే వింటి తాడు. హిందీ పుస్తకంలో ‘జీవా’ అన్నా అదే. టైరు పక్కనుంచి చూస్తే వృత్తం. కిరణం ఎత్తులో ఆ వృత్తాన్ని కోసే జ్యా పొడవే రోల్‌అవుట్. కారును కిరణం అంచున ఆపితే దాదాపు జ్యా అంతా మిగులుతుంది. ఇంకా ముందుకు జరిపి ఆపితే అంత తగ్గుతుంది.

టైరు వ్యాసం కొలవడానికి టేపు అక్కర్లేదు, టైరు పక్కనే రాసి ఉంటుంది. పాత ఆల్టో 800 టైరు మీద 145/80 ఆర్12 అని ఉంటుంది. వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, లోపలి ఇనుప చక్రం 12 అంగుళాలు. 304.8కి రెండు 116లు కలిపితే 536.8 మిల్లీమీటర్లు, సుమారు 53.7 సెం.మీ. అదే విధంగా 165/80 ఆర్14 టైరుకు సుమారు 62 సెం.మీ. వస్తుంది.

కిరణం నేలకు 5 సెం.మీ. ఎత్తున ఉందనుకుందాం. చిన్న టైరు వ్యాసార్థం 26.84. కేంద్రం నుంచి జ్యాకు దూరం 26.84 – 5 = 21.84. పైథాగరస్ ప్రకారం సగం జ్యా 15.6, మొత్తం 31.2 సెం.మీ. పెద్ద టైరుకు 33.75. తేడా రెండున్నర సెంటీమీటర్లు.

ఇంతేనా అనిపించింది మాకు కూడా. కారు సెకనుకు సెకనుకు 5 మీటర్ల త్వరణంతో బయలుదేరితే, ఆ దూరాలు దాటడానికి 0.353, 0.367 సెకన్లు పడుతుంది. అంటే టైరు మార్చడం వల్ల సెకనులో దాదాపు 1.4 శాతం. డ్రాగ్ రేసుల్లో వెయ్యో వంతు సెకను తేడాతో గెలుపోటములు తేలతాయి కాబట్టి ఇది చిన్న సంఖ్య కాదు.

పెద్ద టైరు వేస్తే గడియారం ఆలస్యంగా మొదలవుతుంది, 402 మీటర్ల కాలం 0.014 తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ ప్రతిస్పందన కాలం సరిగ్గా అంతే పెరుగుతుంది. రెండూ కూడితే పాత మొత్తమే! కారు వేగం పెరగలేదు, ఆ కాలం ఏ ఖాతాలో పడిందన్నదే మారింది. అందుకే ఏ టైరు మంచిదో చెప్పే ముందు ఏ రేసు అని అడగాలి. పరుగు కాలం మాత్రమే చూసే పోటీ అయితే ఎత్తు టైరు లాభం. ఇద్దరిలో గీత ముందు దాటినవాడే గెలిచే పోటీలో అది అక్కరకు రాదు. అయితే దీపం కన్నా ముందే కదిలి ఎర్ర దీపం తెచ్చుకునే తొందరపాటు డ్రైవరుకు ఎత్తు టైరు కొంచెం ఊపిరి ఇస్తుంది. టైరు మార్చకుండా గాలి తగ్గించినా ఇదే ఫలితం వస్తుంది: టైరు కిందికి అణిగి, కిరణం ఎత్తులో జ్యా పొడవవుతుంది.

ఇక వెడల్పు ఎంతవరకు తగ్గించవచ్చు? దీనికి జవాబు బయలుదేరే చోట లేదు, ఆగే చోట ఉంది. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది, మామూలు బండ్లలో ఆపే పనిలో పెద్ద భాగం ముందు టైర్లదే. రేసు ట్రాకులో గీత తర్వాత ఆగడానికి పొడవైన ఖాళీ దారి ఉంటుంది, బాగా వేగమైన కార్లకు పారాచూట్ కూడా ఉంటుంది, వాన పడితే పోటీ ఆపేస్తారు. సూరత్ జులైలో డుమస్ రోడ్డుకు ఈ మూడూ లేవు. అందం కోసం మోటారు సైకిలు ముందు చక్రానికి సన్నటి టైరు బిగించే అన్నయ్యలు డ్రాగ్ కారు నుంచి సగం మాత్రమే అరువు తెచ్చుకున్నారని మా అభిప్రాయం. రోడ్డు మీద పందెం గురించి 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ఉంది. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతించనిదే అది నేరం. చూడాలనే ఉంటే లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ విమానాల రన్‌వే మీద జరిగే ‘ది వ్యాలీ రన్’ ఉంది, మోటారు సైకిళ్ళ జాతీయ డ్రాగ్ పోటీలకు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకు ఉంది.

మీ కోసం ఒక లెక్క. మీ క్వార్టర్స్ ముందు ఆగిన కారు టైరు మీద 185/65 ఆర్15 అని ఉంటే, 5 సెం.మీ. ఎత్తు కిరణానికి దాని రోల్‌అవుట్ ఎంత? 165/80 ఆర్14 టైరుతో పోల్చి చూడండి. ఒకటి చూడటానికి లావుగా, ఇంకొకటి సన్నగా ఉన్నా, జవాబు మాకు ఆశ్చర్యం కలిగించింది.