ఫోటో వెనుక కథ : లిటిల్ రాక్, 1957

సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఫోటో కనిపిస్తే దాని కింద ఉన్న ఒక్క వాక్యం చదివి పేజీ తిప్పేస్తాం. ఈసారి ఒక ఫోటో దగ్గర కాసేపు ఆగుదాం.

తెల్ల గౌను, నల్ల కళ్ళద్దాలు, చేతిలో నోటుపుస్తకంతో ఒక నల్లజాతి అమ్మాయి తల తిప్పకుండా నడిచిపోతోంది. వెనుక తెల్లవాళ్ళ గుంపు. ఆ గుంపులో ఒక అమ్మాయి నోరు తెరిచి అరుస్తోంది. ముందున్నది ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్, అరుస్తున్నది హేజెల్ బ్రయాన్. ఇద్దరికీ 15 ఏళ్ళు. అంటే మన పదో తరగతి వాళ్ళ ఈడు.

అది 1957 సెప్టెంబరు 4. అమెరికాలోని అర్కన్సా రాష్ట్రం, లిటిల్ రాక్ నగరం. రంగును బట్టి వేరు బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు చెప్పింది. ఆ ప్రకారం సెంట్రల్ హైస్కూలులో చేరవలసిన నల్లజాతి విద్యార్థులు 9 మంది. వాళ్ళను ఆపడానికి గవర్నర్ ఆర్వల్ ఫాబస్ బడి చుట్టూ నేషనల్ గార్డ్ సైనికులను నిలబెట్టాడు.

తొమ్మిది మంది ఉండగా ఎలిజబెత్ ఒక్కతే ఎందుకు నడుస్తోంది? దీనికి ఫోటోలో జవాబు లేదు. అందరూ ఒకచోట కలిసి వెళ్ళాలని నల్లజాతి నాయకురాలు డైసీ బేట్స్ ఏర్పాటు చేసి ఇళ్ళకు ఫోను చేయించారు. ఎలిజబెత్ ఇంట్లో ఫోను లేదు. కబురు అందక, ఆ అమ్మాయి మామూలుగా సిటీ బస్సెక్కి వచ్చేసింది. పొరుగింటి ఫోను నంబరు రాయించి హాస్టల్‌లో చేరిన మన సీనియర్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఆ గౌను కూడా బడి మొదటి రోజు కోసం ఇంట్లో కుట్టుకున్నదే.

తెల్ల పిల్లలను లోపలికి వదిలిన సైనికులు ఆమెకు మాత్రం తుపాకులు అడ్డం పెట్టారు. వెనుదిరిగి బస్ స్టాపు వైపు నడుస్తుంటే గుంపు వెంటపడింది. ఫోటో ఆ క్షణానిది. తరువాత ఆమె స్టాపులో బెంచీ మీద కూర్చుని బస్సు కోసం ఎదురుచూసింది. బెంజమిన్ ఫైన్ అనే తెల్ల విలేకరి పక్కన కూర్చుని ధైర్యం చెప్పాడు. గ్రేస్ లార్చ్ అనే తెల్ల మహిళ గుంపును మందలించి ఆమెను బస్సెక్కించింది. ఈ ఫోటో ఒక్కటే చూసిన వారికి వీళ్ళిద్దరూ ఉన్నట్టే తెలియదు.

ఫోటో తీసిన విల్ కౌంట్స్ ఆ బడి పూర్వ విద్యార్థే. మిగతా ఫోటోగ్రాఫర్ల చేతుల్లో పెద్ద కెమెరాలు, ఒక్కో బొమ్మకూ ఫిల్ము మార్చుకోవాలి. ఈయన దగ్గర చిన్న 35 మి.మీ. కెమెరా ఉంది కనుక ఆమె ముందు వెనక్కి నడుస్తూ వరుసగా తీయగలిగాడు.

సెప్టెంబరు 25న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పంపిన సైన్యం కాపలాలో తొమ్మిది మందీ బడిలో అడుగుపెట్టారు. ఆ ఏడాదంతా తోపులాటలు, తిట్లు భరించారు. 1958 మేలో ఎర్నెస్ట్ గ్రీన్ పట్టా పుచ్చుకున్నాడు. మరుసటి ఏడు ఆ ఊరి ప్రభుత్వ హైస్కూళ్ళన్నీ మూసేశారు! కలిసి చదవడం కన్నా చదువు మానుకోవడమే మేలనుకున్నారన్నమాట.

కొన్నేళ్ళకు హేజెల్ ఫోను చేసి ఎలిజబెత్‌ను క్షమించమని అడిగింది. 1997లో అదే బడి ముందు ఇద్దరినీ నిలబెట్టి కౌంట్స్ మళ్ళీ ఫోటో తీశాడు. ఇద్దరూ నవ్వుతున్న ఆ బొమ్మ పోస్టరుగా వచ్చింది. దాన్ని చూసి కథ సుఖాంతమనుకోవద్దు. కొద్ది సంవత్సరాలకే ఆ స్నేహం చెడింది.

అసలు పేరే లేకుండా ప్రపంచమంతా తిరిగిన ఫోటో కూడా ఉంది. 1936లో కాలిఫోర్నియాలో బఠానీ కోత కూలీల మకాం దగ్గర డొరోథియా లాంగ్ తీసిన తల్లీపిల్లల బొమ్మ అది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఫోటో అచ్చయ్యాక ప్రభుత్వం ఆ మకాంకు ఆహారం పంపింది గాని, అప్పటికే ఆ కుటుంబం పని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

మన హాస్టల్ గ్రూపు ఫోటోల మీద కుర్చీల్లో కూర్చున్న వార్డెన్ గార్ల, అతిథుల పేర్లే ఉన్నాయి. వెనుక నిలబడ్డ పిల్లల పేర్లు లేవు. కుక్, కామాటి, వాచ్‌మన్‌ల పేర్లూ లేవు. వార్షికోత్సవం రోజున వాటిని భోజనశాలలో బల్లల మీద పరుస్తాం. పూర్వ విద్యార్థులు తమకు తెలిసిన పేర్లు, సంవత్సరం వెనుక రాయగలరు. పెన్సిలుతోనే రాయండి, బాల్‌పెన్ను ఒత్తు ముందువైపు తేలుతుంది.