సైనికుని మనోగాయం, సైకిల్ యాత్ర, మన కర్తవ్యం

పాఠం ఉద్దేశం

సైన్యంలోను, కేంద్ర భద్రతా దళాలలోను పనిచేసి వచ్చినవారి మానసిక ఆరోగ్యం కొరకు సుదూర సైకిల్ యాత్రలు చేసి నిధులు సేకరించే పద్ధతి కొన్ని దేశాలలో స్థిరపడినది. దానికి దగ్గరి ప్రయత్నం మన తెలుగు నేల మీద కూడ జరిగినది. ఈ యాత్రలు ఎట్లు పుట్టినవి, అవి ఏమి చేయగలవు, ఏమి చేయలేవు, నగరంలో ఉన్న మనం మన ఊరి మాజీ సైనికునికి ఏ విధంగా తోడుపడవచ్చును అనే విషయాలను ఈ పాఠంలో తెలుసుకొందాం. ఉదాహరణకు పావగడ తాలూకాను తీసుకొన్నాము.

1. పావగడ ఎందుకు?

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినది. అయితే దాని చుట్టూ ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్ నేలయే. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం ప్రాంతాలు దానికి ఇరుగుపొరుగు. కార్యాలయంలో కన్నడం, ఇంటిలో తెలుగు అనేది అక్కడ చాలామందికి సహజమైన జీవితం. అది వానలు తక్కువగా కురిసే నేల. తిరుమణి పరిసరాలలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వెలసినది కూడ ఆ ఎండల బలం మీదనే.

ఇటువంటి వానాధారపు పల్లెల నుండి జీతం కొరకు బయలుదేరేవారికి బెంగళూరు ఒక దారి అయితే, సైన్యం మరొక దారి. సిపాయిగా చేరినవాడు సాధారణంగా నలభై ఏళ్ళు నిండకముందే, లేదా ఆ వయసుకు అటూ ఇటూగా విశ్రాంతి పొందుతాడు. పిల్లల చదువులు ఇంకా ముగిసి ఉండవు. అందువలన అతడు మరల ఉద్యోగం వెతుక్కొంటాడు. మన అపార్టుమెంటు గేటు వద్ద రాత్రి కాపలా కాచే సెక్యూరిటీ గార్డు ఒకప్పుడు సరిహద్దులో కాపలా కాచినవాడు కావచ్చును. అందుచేత ఈ విషయం ఊరికి మాత్రమే చెందినది కాదు, నగరానికి కూడ చెందినది.

2. కంటికి కనబడని గాయం

యుద్ధం మనసును గాయపరుస్తుందన్న సంగతిని వైద్యశాస్త్రం ఆలస్యంగా గుర్తించినది. మొదటి ప్రపంచ యుద్ధంలో వణుకు, మూగతనం, నిద్రలేమితో వచ్చిన సైనికులను గురించి వైద్యుడు చార్లెస్ మైయర్స్ 1915లో ‘షెల్ షాక్’ అనే పేరుతో వ్రాశాడు. ఆ రోజులలో అటువంటివారిని పిరికివారని నిందించినవారే ఎక్కువ. వియత్నాం యుద్ధం ముగిసిన తరువాత, 1980లో, అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ స్థితిని ‘పీటీఎస్‌డీ’ అనే పేరుతో రోగాల పట్టికలో చేర్చినది. భయానక సంఘటన జరిగి చాలాకాలం గడచినా, దాని ఒత్తిడి మనిషిని విడువకుండుట అని దీని భావం.

దీని లక్షణాలను ఇంటివారు గుర్తించగలరు. పాత సంఘటన కలలో మరల మరల వచ్చుట, పెళ్ళి ఊరేగింపులోని టపాకాయకు ఉలిక్కిపడుట, జనం ఉన్న చోటికి వెళ్ళక తప్పించుకొనుట, చిన్న మాటకు పెద్ద కోపం, నిద్ర కొరకు మద్యం వైపు మరలుట, ‘నేను లేకపోతేనే మేలు’ అనే మాటలు. ఈ చివరి మాట వినబడితే దానిని ఎన్నడూ తేలికగా తీసుకోరాదు. అయితే మాజీ సైనికులందరికీ ఈ స్థితి వస్తుందని తలచుట కూడ తప్పే. చాలామంది నిబ్బరంగానే జీవిస్తున్నారు.

మన పల్లెలలో ఇటువంటి బాధకు వేరే పేర్లు ఉన్నవి. గాలి సోకినదంటారు, ఏలినాటి శని అంటారు. పావగడలో ప్రసిద్ధమైన శనిమహాత్ముని ఆలయం ఉన్నది. అక్కడ మ్రొక్కుకొని ఊరట పొందేవారిని వారించవలసిన పని లేదు. మ్రొక్కు తీర్చిన తరువాత వైద్యుని వద్దకు కూడ వెళ్ళవలెనని మాత్రం చెప్పవలెను.

3. సైకిల్ యాత్రలు ఎట్లు వచ్చినవి?

1998లో వియత్నాంలో హనోయ్ నుండి హోచిమిన్ నగరం వరకు ఒక సైకిల్ యాత్ర జరిగినది. ఒకప్పుడు పరస్పరం కాల్చుకొన్న అమెరికా, వియత్నాం మాజీ సైనికులు అందులో కలిసి పాల్గొన్నారు. కాళ్ళు, చూపు కోల్పోయినవారు కూడ వారిలో ఉన్నారు. దేశం పొడవునా సాగిన ఆ ప్రయాణంలో ఎన్నో ఏళ్ళుగా లోపల దాచుకొన్న దుఃఖం కొందరిలో బయటపడినది. ఆ యాత్రపై డాక్యుమెంటరీ చిత్రం కూడ వచ్చినది.

2007లో బ్రిటన్‌లో బ్రిన్ పారీ, ఎమ్మా పారీ దంపతులు గాయపడిన సైనికుల కొరకు ‘హెల్ప్ ఫర్ హీరోస్’ అనే సంస్థను ప్రారంభించారు. దాని తొలి ఆలోచనయే ఒక సైకిల్ యాత్ర. ఫ్రాన్సు యుద్ధభూముల మీదుగా మొదటి యాత్ర 2008లో సాగినది. శరీర గాయాలతో మొదలైన ఆ సంస్థ తరువాత మానసిక సేవలను కూడ చేపట్టినది. అదే ఏడాది అమెరికాలో జాన్ వార్డిన్ ‘రైడ్ టు రికవరీ’ని ఆరంభించాడు. అందులో సైనికుడు నిధులు పొందేవాడు మాత్రమే కాదు, తానే సైకిల్ తొక్కేవాడు.

మన తెలుగు నేలపై దీనికి దగ్గరి ఉదాహరణ హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతా. రోడ్డు ప్రమాదంలో ఒక కాలు కోల్పోయిన ఆయన పారా సైక్లిస్టుగా ఎదిగి, 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీలలో రెండు రజత పతకాలు గెలిచాడు. ఆయన నెలకొల్పిన సంస్థ ‘ఇన్ఫినిటీ రైడ్’ పేరుతో సుదూర యాత్రలు నిర్వహించి, దివ్యాంగ క్రీడాకారుల కొరకు నిధులు సేకరిస్తున్నది. వారిలో సరిహద్దు భద్రతా దళం, సి.ఆర్.పి.ఎఫ్. వంటి దళాలలో అవయవాలు కోల్పోయిన జవాన్లు కూడ ఉన్నారు. 2020 నవంబరులో శ్రీనగర్ నుండి బయలుదేరిన యాత్ర 3,800 కిలోమీటర్లకు పైగా సాగి, డిసెంబరు 31న కన్యాకుమారి చేరినది. ఆ రెండు కొసలను కలిపే 44వ జాతీయ రహదారి పావగడకు తూర్పున, పెనుకొండ మీదుగానే పోతుంది.

ఈ యాత్రల ముఖ్యోద్దేశం క్రీడా పునరావాసం, మానసిక చికిత్స కాదు. అయితే కాలు పోయిన జవానుకు ‘నేను ఇంకా పనికివస్తాను’ అనే నమ్మకం తిరిగి వచ్చుట మనసుకు సంబంధించిన విషయమే కదా!

4. సైకిల్ చేయగలిగినది, చేయలేనిది

సుదూర యాత్ర మూడు మేలులు చేస్తుంది. మొదటిది శ్రమ. క్రమం తప్పని వ్యాయామం నిద్రకు, దిగులు తగ్గుటకు సాయపడుతుంది. రెండవది తోడు. దళంలో కలిసి బ్రతికినవాడు ఊరికి వచ్చి ఒంటరి అవుతాడు. యాత్రలో మరల ఒక గుంపు దొరుకుతుంది. ఎదురెదురుగా కూర్చొని చెప్పలేని మాట ప్రక్కప్రక్కన తొక్కుతూ చెప్పవచ్చును. మూడవది చూపు. దారిలోని ఊళ్ళు ఈ గాయాన్ని గురించి మొదటిసారి వింటాయి.

కానీ సైకిల్ వైద్యుడు కాదు. యాత్ర ముగిసిన మరునాటి రాత్రి కూడ ఆ కల రావచ్చును. అప్పుడు కావలసినవి మాట ద్వారా చేసే చికిత్స, అవసరమైతే మందులు, నెలల తరబడి వైద్యుని పర్యవేక్షణ. కావున ఒక యాత్ర విలువను ఎన్ని కిలోమీటర్లు తొక్కారన్న లెక్కతో కాక, ముగిసిన తరువాత ఎందరు చికిత్సకు చేరారన్న లెక్కతో కొలవవలెను.

5. విరాళం ఇచ్చేముందు

ఎవరైనా యాత్ర పేరుతో విరాళం అడిగితే నాలుగు విషయాలు విచారించండి.

అ) సంస్థకు నమోదు పత్రం ఉన్నదా? ఆదాయపు పన్ను చట్టం క్రింద మినహాయింపు ఉన్నదని చెప్పితే, ఆ నంబరు రసీదుపై ఉన్నదా?
ఆ) సొమ్ము సంస్థ ఖాతాకు పోతున్నదా, వ్యక్తి ఖాతాకా?
ఇ) యాత్ర ఖర్చు ఎంత, సేవకు మిగిలేది ఎంత?
ఈ) ఆ సొమ్ముతో ఏ సేవ, ఎక్కడ, ఎంతకాలం జరుగుతుంది?

నేరుగా ఇవ్వదలచినవారికి సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి ఉన్నది. 1949 నుండి ప్రతి డిసెంబరు 7న ఈ దినాన్ని జరుపుతున్నారు.

6. చికిత్సకు దారి

టెలి మానస్: 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఉచిత టెలిఫోన్ సేవ. 14416 నంబరుకు రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చును. తెలుగులోను, కన్నడంలోను మాట్లాడవచ్చును. దీనికి ప్రధాన కేంద్రం బెంగళూరులోని నిమ్హాన్స్. సాయుధ దళాల వారి కొరకు పూణె సైనిక వైద్య కళాశాలలో 2023లో ప్రత్యేక విభాగం ఏర్పడినది.

తాలూకా ఆసుపత్రి: నిమ్హాన్స్ వైద్యులు 1980ల దశకంలో బళ్ళారి జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు శిక్షణ ఇచ్చి, మానసిక వైద్యం పల్లెలకు వెళ్ళగలదని నిరూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. కర్ణాటకలో ‘మనోచైతన్య’ పేరిట తాలూకా ఆసుపత్రులలో మంగళవారపు మానసిక వైద్య శిబిరాలు ఏర్పాటైనవి. ఏ మంగళవారమో ఆసుపత్రిలో అడిగి తెలుసుకోండి.

ఇ.సి.హెచ్.ఎస్.: త్రివిధ దళాలలో పనిచేసి పింఛను పొందే మాజీ సైనికులకు, వారిపై ఆధారపడినవారికి 2003లో మొదలైన ఆరోగ్య పథకం. సరిహద్దు భద్రతా దళం, సి.ఆర్.పి.ఎఫ్. వంటి కేంద్ర దళాలలో విశ్రాంతి పొందినవారికి ఇది వర్తించదు. వారికి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమైన సి.జి.హెచ్.ఎస్. వేరుగా ఉన్నది. ఈ తేడా తెలియక తిరిగి తిరిగి విసిగి చికిత్స మానుకొనే ప్రమాదం ఉన్నది.

చట్టం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ మానసిక వైద్యం పొందుట ప్రతి వ్యక్తి హక్కు. రోగి వివరాలను గోప్యంగా ఉంచవలెనని కూడ ఆ చట్టం చెబుతున్నది.

7. మొదటి మాట

పావగడలో స్వామి జపానందుల ఆధ్వర్యంలోని శ్రీ రామకృష్ణ సేవాశ్రమం కుష్ఠు, క్షయ రోగుల సేవకు పేరుపొందినది. ఆ రోగాలను కూడ ఒకప్పుడు ఇళ్ళలో దాచేవారు. రోగి రాకపోతే సేవయే రోగి వద్దకు వెళ్ళుట అక్కడి నుండి మనం నేర్చుకోదగిన పాఠం. మనోగాయానికి కూడ అదే అవసరం.

‘మిలిటరీ మనిషివి, నీకేమి దిగులు?’ అనే మాట తలుపు మూస్తుంది. ‘చిన్నాయనా, రాత్రిపూట నిద్ర పడతా ఉందా?’ అనే మాట తలుపు తెరుస్తుంది. యుద్ధంలో ఏమి జరిగినదని గుచ్చి అడగవద్దు. చెప్పినది వినండి, సలహా తొందరపడి ఇవ్వకండి, ఆసుపత్రికి తోడుగా వెళ్ళండి.

అభ్యాసం

1. సైకిల్ యాత్ర వలన కలిగే మూడు మేలులను వ్రాయండి. అది చేయలేనిది ఏమిటి?
2. మీకు తెలిసిన మాజీ సైనికునికి ఇ.సి.హెచ్.ఎస్. వర్తిస్తుందా, సి.జి.హెచ్.ఎస్. వర్తిస్తుందా? అడిగి తెలుసుకోండి.
3. 14416 నంబరును మీ ఇంటి గోడ క్యాలెండరుపై వ్రాయండి. ఊరికి ఫోన్ చేసినప్పుడు ఒకరికైనా చెప్పండి.
4. మీ వీధిలో లేదా అపార్టుమెంటులో కాపలా ఉన్నవారిలో మాజీ సైనికులు ఉన్నారా? ఈ వారం వారిని పేరుతో పలకరించి, నిద్రాహారాలు కుశలమా అని అడగండి.